ఇల్లందులో మెలికల బాట

డోర్నకల్ నుండి ఇల్లందు వైపు వెళ్ళేవారికి చేలు తగ్గి అడవి దగ్గరపడటము తెలుస్తూనే ఉంటుంది. శ్రమకాలపు దినములలో మోదుగులు ఎర్రగా పూసి ఉంటాయి. ఇంకొంచెము ఆలస్యముగా వెళ్ళితే తెల్లవారుజామున ఇప్పపూలు ఏరుకునే కోయ తల్లులు కనబడతారు. పాతతరము వారు ఇల్లందును బొగ్గుట్ట అంటారు. 1889లో సింగరేణి బొగ్గు తవ్వకము మొదలైనది ఈ ప్రాంతములోనే. కంపెనీకి పేరిచ్చిన సింగరేణి గ్రామము కూడ ఈ చుట్టుపక్కలదే. ఖమ్మం జిల్లాలో ఉండిన ఇల్లందు 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరినది.

మేము శ్రమకాల ప్రార్థన కూడిక కొరకు అక్కడికి వెళ్ళాము. బాయి పనిని నమ్ముకొని బ్రతికిన కుటుంబములలో ఎన్నో బదిలీల మీద కొత్తగూడెం, మణుగూరు, భూపాలపల్లి వెళ్ళిపోయాయి. చదువుకున్న పిల్లలు హైదరాబాదు చేరారు. ఆదివారము ఖాళీ చాపలను చూస్తూ పెద్దలు పడే బాధ ఒక్కటే: ఊరు వెనక్కి పోయినది, సంఘము కూడ వెనక్కి పోతున్నదా? ఆ ప్రశ్నను నోటితో అడుగక, కాళ్ళతో నడిచి ప్రభువు ముందు పెట్టాలని ఆ సాయంకాలము అనుకున్నాము.

మందిర ఆవరణములో సున్నముతో ఒక బాట గీశాము. దీనిని పడమటి దేశములవారు లాబిరింత్ అంటారు. మనము మెలికల బాట అనుకోవచ్చును. ఇది పద్మవ్యూహము వంటిది కాదు. ఇందులో చీలిక దారులు లేవు, మూసుకుపోయిన దారులు లేవు. ఒక్కటే దారి; మెలికలు తిరుగుతూ నడుమకు చేరుస్తుంది, మరల అదే దారి బయటికి తెస్తుంది.

ఈ గీత క్రీస్తుకు పూర్వమే లోకములో ఉన్నది. సంఘము దానిని తీసుకొని ప్రభువు కొరకు వాడుకొన్నది. ఆఫ్రికాలోని అల్జీరియా దేశములో క్రీ.శ. 324లో కట్టిన ఒక మందిరపు నేలలో ఇటువంటి బాటను రంగురాళ్ళతో పొదిగారు. దాని నడుమ పరిశుద్ధ సంఘము అనే అర్థమిచ్చే లాటిన్ మాటలున్నాయి. ఫ్రాన్సులోని షార్త్ర్ మహాదేవాలయములో 13వ శతాబ్దపు ఆరంభములో పరచిన బాట సుమారు 13 మీటర్ల వెడల్పు. అందులో నడుమకు చేరాలంటే 250 మీటర్లకు పైగా నడవాలి. నేటికీ జనులు దానిమీద ప్రార్థిస్తూ నడుస్తారు.

ఒక పెద్దాయనకు సందేహము కలిగినది. ఇది ప్రదక్షిణము కాదా, నడిస్తే పుణ్యము వస్తుందని చెప్పినట్లు కాదా అని అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. నడకకు పుణ్యము లేదు; రక్షణ కృపవలననే గాని మన అడుగుల లెక్కవలన కాదు. మోకాళ్ళూనుట ఎట్లో, చేతులెత్తుట ఎట్లో, ఇదియు అట్లే. శరీరము కూడ ప్రార్థనలో కలియుటకే. ఇస్సాకు సాయంకాలము పొలములోనికి వెళ్ళి ధ్యానించాడు. ఎమ్మాయు దారిలో దుఃఖముతో నడిచిన ఇద్దరితో ప్రభువే కలిసి నడిచాడు.

మన డోర్నకల్ కూడ ఇటువంటి పాఠమే నేర్పినది. 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకము పొందిన వి.ఎస్. అజరయ్యగారు కట్టించిన మహాదేవాలయము 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడినది. దానిలో గుడి స్తంభముల పోలిక, మసీదు గుమ్మటముల పోలిక కలిసి ఉన్నాయి. ఈ నేలమీది రూపములను ఆయన ప్రభువు సేవకు తెచ్చాడు. మన తల్లులు చుక్కల చుట్టూ తెగకుండ తిప్పే ముగ్గు గీతవంటి ఈ బాటకు మాత్రము చోటెందుకుండదు?

ఒకరి వెనుక ఒకరము మౌనముగా నడిచాము. ఏడు వరుసల ఈ బాట మొదట మూడవ వరుసలోనికి తీసుకెళ్ళి, నడుమకు దూరముగా రెండవ వరుసకు, అటునుండి అన్నిటికంటె బయటి వరుసకు నెట్టుతుంది. తరువాత నాలుగు, ఏడు. ఏడవ వరుసలో నడుమ చేతికందేటంత దగ్గర. వచ్చేశామనుకునేలోగా మరల ఆరవదానికి, అయిదవదానికి వెనక్కి తిప్పుతుంది. ఆ వెనుకటి వరుసనుండే నడుమకు ద్వారమున్నది!

నడక ముగిశాక రిటైరైన బాయి కార్మికుడొకరు చెప్పిన మాట మా మనస్సులో నాటుకున్నది. బాయిలోనికి దిగే దారీ, పైకి వచ్చే దారీ తనకు ఒక్కటేనట; చీకటిలో వెనక్కి నడిచినా అది ఇంటి దారేనని ఆయన అన్నాడు. నిర్గమకాండము 13వ అధ్యాయములో దేవుడు తన ప్రజలను దగ్గరి దారిని గాక అరణ్యపు చుట్టుదారిని నడిపించాడు. చుట్టు తిరిగినంత మాత్రాన వారు దారి తప్పలేదు. ఇల్లందు సంఘము కూడ తప్పలేదని ఆ రాత్రి మేము నమ్మాము. ఖాళీ చాపలు అట్లే ఉన్నాయి గాని, విడిచి వెళ్ళినవారి పేర్లు చెప్పి ప్రార్థించుటకు ధైర్యము వచ్చినది.

మీ ఊరిలో ఇరవై అయిదు అడుగుల చదును నేల ఉంటే చాలును. నడుమ కొంచెము క్రిందుగా ఒక సిలువ గీయండి. దాని నాలుగు సందులలో నాలుగు మూల గీతలు, మూల సిలువవైపు ఉండేటట్లు గీసి, ఒక్కొక్క దాని నోటిలో ఒక చుక్క పెట్టండి. సిలువ పై కొనను కుడి ప్రక్క కొనతో విల్లువలె కలపండి. తరువాత ఎడమనున్న మొదటి కొనను కుడివైపు మిగిలిన మొదటి కొనతో, ఆ గీతకు పైగా కలపండి. ఇట్లు వరుసగా ఎనిమిది గీతలు గీస్తే బాట పూర్తి. లోపలికి వెళ్ళుచు మీ భారమును చెప్పుకొనండి, నడుమ నిలిచి ఊరకుండండి, బయటికి వచ్చుచు ఇతరుల కొరకు ప్రార్థించండి.

ఈ బాట మొదలయ్యేది సిలువతోనే. మన బ్రతుకు బాటయు అట్లే ఉండునట్లు ప్రభువు మనందరికి సహాయము చేయును గాక. ఆమేన్.