పెరటి కొట్లో పూసల దీపం

మన భాషలో కిటికీకి బిగించే పలకా గాజే, ఆడవాళ్లు చేతికి తొడుక్కొనేదీ గాజే. పదార్థం పేరు వస్తువుకు వచ్చింది. వచ్చి అంత గట్టిగా అంటుకొన్నది కాబట్టే, బంగారంతో చేయించుకొన్నవాటిని కూడా "బంగారు గాజులు" అంటున్నాం. అందులో గాజు రవ్వంతైనా ఉండదు. ఏటా ఈ మాట క్లాసులో చెబుతాను. ఏటా అమ్మాయిలు తమ చేతులకేసి చూచుకొంటారు.

ఈ గాజును నమ్ముకొని ఒక ఊరు ఊరంతా బతికిన చోటొకటి అమెరికాలో ఉన్నది. దాని పేరు కార్నింగు. న్యూయార్కు రాష్ట్రంలోనే ఉన్నా, న్యూయార్కు మహానగరానికీ దానికీ పోలికే లేదు. చుట్టూ పచ్చని కొండలు, నడుమ షెమంగ్ అనే నది, ఇటుక కట్టడాల బజారు. అంతా కలిపి పదివేల పైచిలుకు జనం. మన లెక్కలో పెద్ద పంచాయతీ.

క్రిందటి వేసవి సెలవుల్లో న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా చెల్లెలింటికి వెళ్లినప్పుడు, అక్కణ్ణించి కారులో నాలుగు గంటల పైన ప్రయాణం చేసి అక్కడికి చేరాం. ఎడిసన్‌కూ కార్నింగుకూ ఒక బంధుత్వం ఉన్నది. వాడుకకు పనికివచ్చే విద్యుద్దీపం తయారుచేసిన ఎడిసన్ మహాశయుడి ప్రయోగశాల ఉన్న చోటు కాబట్టే మా చెల్లెలు ఉంటున్న ఊరికి ఆయన పేరు పెట్టారు. ఆయన దీపాలకు గాజు బుడ్లు ఊది పంపించింది కార్నింగు వాళ్లే.

కార్నింగులో చూడవలసినది గాజు మ్యూజియం. 1951లో పెట్టారు. మూడువేల అయిదువందల ఏళ్ల గాజు చరిత్ర అంతా ఒకచోట ఉంది. 1972లో ఏగ్నెస్ తుపాను వచ్చి నది పొంగినప్పుడు లోపల అయిదడుగుల పైగా నీరు నిలిచిందట. గాజు సంగతి సరే, కడిగితే పోతుంది; పుస్తకాలు తడిసిపోయాయి. తెలుగు మాస్టారిని కాబట్టి నా ప్రాణం ఆ పుస్తకాల దగ్గరే ఉసూరుమన్నది.

అన్నిటికంటె నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఒక పనికిరాని గాజు చక్రం. 1934లో పాలొమార్ కొండమీది దూరదర్శినికోసం రెండువందల అంగుళాల అద్దం పోతపోశారు. పోస్తుండగా అచ్చు లోపలి దిమ్మలు ఊడి, కరిగిన గాజులో పైకి తేలాయి. ఆ యేడే మళ్లీ ఇంకొకటి పోశారు. కొండెక్కి ఆకాశాన్ని చూచింది ఆ రెండోది. మొదటిదాన్ని పారవేయకుండా తెచ్చి మ్యూజియంలో నిలబెట్టారు. చెడిపోయిన పనిని ఇంత దర్జాగా చూపించుకొనే ఊరు మీద నాకు గౌరవం కలిగింది.

మా చెల్లాయి మాత్రం ఆ చక్రం వంక చూడలేదు. అప్పటికే అక్కడి శిక్షణశాలలో పూసల పని నేర్చుకొని వచ్చింది. బల్లమీద బిగించిన చిన్న టార్చి ముందు ఒకామె కూర్చుని పూస చేసి చూపిస్తున్నచోట నిలబడి, ఆమె వేళ్లనే చూస్తున్నది. ఎడమచేతిలో సన్నని ఉక్కుకడ్డీ, దానికి మట్టిపూత. కుడిచేతిలో రంగు గాజుపుల్ల. మంటలో పుల్ల కొస ఎర్రబడి, తేనెలా జారుతుంటే, కడ్డీని తిప్పుతూ దానిమీద చుట్టింది. తిప్పడం ఆపిందా, గాజు ఒక పక్కకు వేలాడిపోతుంది. కాబట్టి ఆపదు. అంతే పని. చూడ్డానికి బొత్తిగా ఏమీ లేదనిపిస్తుంది.

"మనవైపు పాపానాయుడుపేటలో చేసేది ఇలా కాదు కదూ, అన్నయ్యా?" అన్నది.

మాది శ్రీకాళహస్తి. పాపానాయుడుపేట మాకు దగ్గరే. ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అక్కడ తరతరాలుగా చేసిన పద్ధతి వేరు. కొలిమిలోంచి గాజు ముద్దను ఇనుపగొట్టానికి ఎత్తి, పొడుగాటి సన్నని గొట్టంగా సాగదీసి, దాన్ని తునకలు తునకలుగా కోసి, బూడిదలో కలిపి మళ్లీ వేడిచేస్తే అంచులు నున్నబడి పూసలవుతాయి. పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వకాల్లో బయటపడ్డ పూసలు ఈ సాగదీత జాతివే. అది కొలిమి పని. పదిమంది చేతులు పడాలి. ఇది దీపం పని. ఒక మనిషి, ఒక బల్ల చాలు. పూర్వం ఈ టార్చి స్థానంలో నూనెదీపమే ఉండేది. కాలితో తిత్తి తొక్కి గాలి ఊదేవారు. జర్మనీలో డ్రెస్‌డెన్ దగ్గర బ్లాష్కాలనే తండ్రీకొడుకులు ఇంట్లో బల్ల వేసుకొనే గాజుతో పూలూ ఆకులూ చేసి, 1887 మొదలు 1936 దాకా హార్వర్డు విశ్వవిద్యాలయానికి పంపారు. వాటిలో రేకుల మీద నూగు కూడా కనిపిస్తుంది.

ఇంతవరకు బాగానే ఉన్నది. తిరిగివస్తుండగా కారులో చెల్లాయి అసలు మాట బయటపెట్టింది. ఇంట్లో టార్చి పెట్టుకొంటానంటుంది. బావగారు స్టీరింగు వదలకుండానే "వద్దు" అన్నారు. పెన్సిల్వేనియా కొండలు దాటేదాకా ఎవరూ మాట్లాడలేదు.

బావగారిది పిసినారితనం అనుకొంటే పొరపాటు. ఆయన ఇంజనీరు, ఏది ఎక్కడ పేలుతుందో ముందుగా చూడటమే ఆయన ఉద్యోగం. చెల్లాయి మొదట అడిగింది ఇంటి కింద సెల్లారులో చోటు. ప్రొపేను గ్యాసు గాలికంటె బరువు. కారితే పైకి పోదు, పల్లానికి దిగి నేలమీద పరుచుకొని కూర్చుంటుంది. సెల్లారు అంటే దానికి పీట వేసినట్టే. సరే, కారు షెడ్డు అన్నది. అది ఇంటికి ఆనుకొని ఉన్నది. అందులో నీళ్లు కాచే గ్యాసు బాయిలరు ఉన్నది. పైన ఉన్న గదిలో డెబ్భై ఎనిమిదేళ్ల అత్తగారు పడుకొంటారు. దాంతో చెల్లాయి నోరు మూతపడింది.

వెనీసు వాళ్లు కూడా ఈ తగువు పడ్డవాళ్లే. 1291లో ఆ నగర ప్రభుత్వం, నిప్పు భయంతో, గాజు కొలుములన్నిటినీ ఊళ్లోనించి తీసి మురానో దీవికి పంపించింది. ఈ సంగతి నేను భోజనాల దగ్గర ఎత్తితే, బావగారు తన పక్షాన సాక్షి దొరికినట్టు సంతోషించారు. కాని చెల్లాయి వెంటనే అందుకొని, "మనకూ దీవి ఉందిగా! పెరట్లో కొట్టు!" అన్నది.

నిజమే. ఇంటికి దూరంగా, కంచె దాపున, గడ్డికోసే యంత్రం పెట్టుకొనే చెక్కకొట్టు ఒకటి ఉన్నది. అప్పటిదాకా మాట్లాడని అత్తగారు పప్పులో నెయ్యి వేసుకొంటూ, "పని చేసేప్పుడు ఏం బట్ట కడతావే?" అని అడిగారు. ఆవిడ రేపల్లెలో కాపరం చేసిన రోజుల్లో, పక్కింటి ఇల్లాలి నైలాను చీరకు పంపు స్టవ్వు అంటుకోవడం కళ్లారా చూచిన మనిషి. అరవై ఏళ్లనాటి మాట. ఆ ఇల్లాలి పేరు ఆవిడ ఇప్పటికీ చెప్పరు.

"నూలు బట్టలే, అత్తయ్యా. చేతులదాకా నూలు చొక్కా, తోలు బూట్లు. జుట్టు ముడివేసుకొంటాను."

"ఐతే కట్టించరా," అన్నారు కొడుకుతో.

తరువాత మూడు వారాలు ఆ ఇంట్లో జరిగిన హడావుడి పూసగుచ్చినట్టు చెప్పాలంటే పత్రిక చాలదు. మునిసిపాలిటీ అనుమతి, బీమా కంపెనీకి ఉత్తరం, ఎలక్ట్రీషియను రాక — ఇవన్నీ మన దేశంలోలాగే అక్కడా నెమ్మదిగానే కదులుతాయని తెలిసి నాకు హాయి అనిపించింది. కొట్టులోంచి గడ్డియంత్రాన్నీ, దాని పెట్రోలు డబ్బానీ ముందు సాగనంపారు. బల్లమీద ఉక్కురేకు, వెనకగోడకు సిమెంటు పలక. గ్యాసు సిలిండరు లోపలికి రానేలేదు. బయట నిటారుగా గొలుసుతో కట్టి, గొట్టం మాత్రం లోపలికి తెచ్చారు. మంట వెనక్కి పాకి సిలిండరు దాకా పోకుండా గొట్టాలకు అడ్డుబిళ్లలు బిగించారు. ప్రతి అతుకు మీదా బావగారు సబ్బునీళ్లు పూసి, బుడగ లేస్తుందేమోనని మోకాళ్లమీద కూర్చుని చూచారు. పంపు స్టవ్వు కాలంనాటి ఇంట్లో పుట్టినవాడికి అది ఎవరూ నేర్పనక్కరలేదు.

ఆక్సిజనుకు సిలిండరు పెట్టలేదు. గాలిలోంచే ఆక్సిజనును వడకట్టి ఇచ్చే పెట్టె ఒకటి, ఊపిరాడని రోగులకు వాడేది, కొన్నారు. కోవిడ్ రోజుల్లో మన ఊళ్లలో ఆ పెట్టెకోసం జనం ఎంత తిరిగారో గుర్తుకొచ్చి, దాని గురగుర వింటూ కాసేపు మాట్లాడలేకపోయాను. ఆక్సిజను తనంతట తాను మండదు. పక్కవాటిని మాత్రం రెచ్చగొడుతుంది. అంచేత దాని బిగింపుల దగ్గరికి నూనెచుక్క, గ్రీజు రానీయరు.

నా దృష్టిలో అన్నిటికంటె పెద్ద పని గాలిది. నిప్పు భయం అందరికీ కనబడుతుంది, పొగ కనబడదు. ఆ మంటలోంచి కార్బన్ మోనాక్సైడు, నత్రజని వాయువులు వస్తాయి. కొన్ని రంగుగాజుల్లో కాడ్మియం ఉంటుంది. మంటకు అవతల గొడుగులాంటి రేకు కప్పు, దానినించి బయటికి బలమైన ఫాను. మనిషి వీపు వెనకనించి కొత్తగాలి రావడానికి ఒక కిటికీ. అంటే గాలి వెనకనించి వచ్చి, ముఖాన్ని దాటి, మంటను దాటి బయటికి పోవాలి. ఫాను నెత్తిమీద పెడితే పొగంతా ముక్కు ముందునించే పైకి పోతుందని చెల్లాయి చెప్పింది. మన వంటిళ్లలో పొగగొట్టం కింద తలవంచి ఊదుకొన్న తల్లులు జ్ఞాపకం వచ్చారు. ఫిరోజాబాదులో ఇళ్లలో కూర్చుని చిన్న మంటమీద గాజుల కొసలు అతికే ఆడవాళ్లకు ఇలాంటి ఫాను ఎవరు పెడుతున్నారు? మన చేతి గాజు ఆ గదుల్లోంచి వస్తున్నది.

తలుపు పక్కన నిప్పార్పే సిలిండరు వేలాడదీశారు. మంట వెనక కాదు, పారిపోయే దారిలో. మట్టిపూత పొడి ఊపిరితిత్తులకు చేటు కనుక పూసల్ని కడ్డీనించి నీళ్లలోనే తీయాలి. బల్లను తడిగుడ్డతో తుడవాలి, చీపురు పట్టకూడదు. వెలిగించేటప్పుడు ముందు గ్యాసు, తరువాత ఆక్సిజను. ఆర్పేటప్పుడు ముందు ఆక్సిజను, తరువాత గ్యాసు. బావగారు దాన్ని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించమన్నారు. దస్తూరి నాదే.

నేను బయలుదేరే ముందురోజు సాయంత్రం దీపం వెలిగింది. చెల్లాయి నాకూ ఒక జత ఊదారంగు కళ్లద్దాలు ఇచ్చింది. అవి లేకుండా చూస్తే గాజు మంటలో పడగానే సోడియం పసుపు భగ్గుమని, అందులో ఏమున్నదో తెలియదు. అద్దాలు పెట్టుకొంటే ఆ పసుపంతా మాయమై, తేటనీటి అడుగున గులకరాయిలా పూస కనబడింది.

మొదట నల్లపూసలే చేస్తానన్నది. నల్లగాజుపుల్లను మంటలో కరిగించి దారంలా సాగదీసి దీపానికి ఎదురుగా పట్టుకొన్నది: నలుపు కాదు, చిక్కని ఊదా. ముద్దగా ఉంటే నలుపు, పలచబడితే ఊదా. ఏడు పూసలు చుట్టింది. చేసినవాటిని వెంటనే విద్యుత్తు కొలిమిలో పెట్టింది. దాదాపు అయిదువందల పది డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కాసేపు ఉంచి, రాత్రంతా నెమ్మదిగా చల్లార్చాలి. తొందరపడి బయట పెడితే పైపొర ముందు బిగిసి, లోపలిది తరువాత బిగిసి, ఆ పెనుగులాటలో పగిలిపోతాయి. ఒక్కోసారి వారం తరువాత కూడా పగులుతాయట.

గ్యాసు మూసి, గొట్టంలో మిగిలినదాన్ని కాలనిచ్చి, ఆర్పారు. బావగారు ఆ రాత్రి రెండుసార్లు పెరట్లోకి వెళ్లి రావడం నాకు వినిపించింది.

తెల్లవారి విమానానికి టైము దగ్గర పడుతుండగా కొలిమి మూత తీశారు. నీళ్లలో నానబెట్టి కడ్డీలనించి తీస్తే ఏడింటిలో రెండు పగిలి ఉన్నాయి, నాలుగు గుండ్రంగా వచ్చాయి. ఒకటి మాత్రం ఒక పక్కకు ఒరిగి, ఉలవగింజలా ఉన్నది. అత్తగారు దాన్ని ఏరుకొని, వెలుగుకేసి పట్టి చూచి, కొంగున ముడివేసుకొన్నారు.

"దీనికి చిల్లు సరిగా లేదు, అత్తయ్యా," అన్నది చెల్లాయి.

"నేనేమన్నా గుచ్చుకుంటానా?" అని ఆవిడ కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లారు.