నాలుగింట ఒక్కటి

మా నాన్నగారి చేతిలో చదరంగం ఓడిపోవటం నాకు పదేళ్ల వయస్సులోనే అలవాటయింది. ఆయనను ఓడించటం మాత్రం నలభై దాటితే గాని చేతకాలేదు. చేతనయిన తరువాతనే చిక్కు మొదలయింది.

ఇంగ్లీషు సాహిత్యం చదువుకుని అనువాదాలతో పొట్టపోసుకునేవాణ్ణి. పగలంతా మాటలతో కుస్తీ. సాయంకాలం నాన్నగారితో ఒక ఆట. ఏడాదిపాటు వరుసగా నేనే గెలిచాను. ఆ గర్వంతో ఊళ్లోని చదరంగ సంఘానికి వెళ్లి, అందరికంటె గట్టివాడని పేరున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ఎదుట కూర్చున్నాను. ఇరవై ఎత్తులకే ఆటకట్టు. పది ఆటలు ఆడినా ఎక్కడ తప్పానో తెలియలేదు. నెత్తిన పిడుగు పడినవాడు పిడుగు నుంచి నేర్చుకునేదేముంటుంది?

ఆ పెద్దమనిషే దయతలచి ఒక లెక్క చెప్పారు. హంగెరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన భౌతికశాస్త్రజ్ఞుడు అర్పాద్ ఎలో ఆటగాళ్ల బలాన్ని అంకెలలో కొలిచే పద్ధతిని రూపొందించాడు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 1970లో దానిని స్వీకరించింది. ఆ లెక్కన ఇద్దరి మధ్య 400 పాయింట్ల తేడా ఉంటే, పదకొండు ఆటలలో బలహీనునికి దక్కేది సుమారు ఒక్క పాయింటు. తేడా 200 అయితే దాదాపు నాలుగింట ఒకటి. "నేను మీకు తగను. నాలుగింట ఒక్కటైనా మీకు దక్కనిచ్చే మనిషిని వెతుక్కోండి" అన్నారాయన.

వెతికితే బ్యాంకులో పనిచేసే ఒక యువకుడు దొరికాడు. అతని చేతిలో ఓటమి వేరు. ఆట ముగిశాక ఇద్దరం ఎత్తులన్నీ మళ్లీ పేర్చి చూసుకునేవాళ్లం. గుర్రాన్ని అంచుకు తోసింది నేనేననీ, అది అక్కడే పనికిరాకుండా పడివున్నదనీ నా కళ్లకే కనిపించేది. మరునాడు ఆ తప్పు చేయను, మరొకటి చేస్తాను. అతడు దానినీ క్షమించడు. (నా అనువాదాలను మెచ్చుకున్న మిత్రులను ఎందరినో మరచిపోయాను, ఎర్రసిరాతో గీతలు గీసిన సంపాదకుణ్ణి మరవలేదు.)

నాన్నగారితో ఆడిన ఏడాది నాకేమి చేసిందో అప్పుడు అర్థమయింది. మంత్రిని ముందే బయటికి లాగి, ఒక్క ఎత్తులో ఆటకట్టు బెదిరింపు పెట్టి, ఆయన చూడకపోతే చాలునని ఊపిరి బిగబట్టటానికి మరిగాను. ఆయన చూడరు, కంటిలో శుక్లాల వల్ల కొంత, వయస్సు వల్ల కొంత. దానినే నేను నైపుణ్యమనుకున్నాను. బ్యాంకు యువకుడు చూస్తాడు. బంటును ఒక గడి జరిపి, నా మంత్రిని తరుముతూనే తన గుర్రాలను, శకటులను బయటికి తెచ్చుకుంటాడు.

క్రమంగా సాయంకాలాలన్నీ సంఘానికే పోయాయి. ఒకనాడు చెప్పులు వేసుకుంటూ వెనుదిరిగి చూస్తే, నాన్నగారు బల్ల మీద పావులు పేర్చుకుని కూర్చుని ఉన్నారు. "నాతో ఆడితే నీ ఆట చెడుతుందిరా, వెళ్లిరా" అన్నారు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే ఇంత బాధ కలిగేది కాదు.

పంతొమ్మిదో శతాబ్దపు యూరపు కాఫీ హోటళ్లలో గట్టివాళ్లు తమ పావునొకదానిని తీసివేసి బలహీనులతో ఆడేవారని నేను చదివాను. ఆ సంగతి ఆయనకు చెప్పటానికి నెలరోజులు జంకాను. చెప్పాక ఆయన క్షణం కూడా ఆలోచించలేదు. "అయితే నీ ఏనుగొకటి తీసి పక్కన పెట్టు. చూద్దాం" అన్నారు.

మొన్న ఆదివారం నాలుగు ఆటలు ఆడాము. మూడు ఆయనవే. నాలుగవది నేను గెలిచేసరికి, తాను ఎక్కడ తప్పాడో చూపించి తీరాలని పట్టుబట్టి, వడ్డించిన అన్నం చల్లారిపోయేవరకు బల్ల ముందునుంచి లేవలేదు.