పెరటి రైలు

మా బాపు బెల్లంపల్లి బొగ్గు సైడింగులో పాయింట్స్‌మన్‌గా పనిచేసి దిగిపోయాడు. నేనా, తెలుగు పంతుల్ని. ఛందస్సు చెప్పుకుని బతికేవాడికి ఈ రైళ్ళ పిచ్చి ఏమిటని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది. 1929లో కాజీపేట-బల్లార్షా లైను కలిసిన నాటినుంచి మద్రాసు-ఢిల్లీ బండ్లు మా ఊరి మీదుగానే పోతున్నాయి. ఈ ఊళ్ళో పుట్టినవాడికి అది పిచ్చి ఎట్లా అవుతుందండీ!

పన్నెండేళ్ళు ముందుగదిలో బల్లమీద చిన్న రైలు నడిపాను. దాన్ని హెచ్.ఓ. అంటారు. అసలు బండిలో 87వ వంతు; పట్టాల నడుమ 16.5 మిల్లీమీటర్లు. ఇంజను అరచేతిలో ఇమిడిపోతుంది. జర్మనీలో ఉన్న మా మేనల్లుడు వచ్చినప్పుడల్లా ఒక పెట్టె తెచ్చేవాడు. అట్టముక్కలతో ఒక బాయి కూడా కట్టాను. (గనిని మావాళ్ళు బాయి అనే అంటారు.) బాపు పక్కన కూర్చుని తప్పులు పట్టేవాడు.

రెండేళ్ళ కిందట ఆ తప్పులు పట్టడం మానేశాడు. నా పనితనం కుదిరింది కాబోలునని మురిసిపోయాను. ఒకనాడు బండి పట్టాతప్పి పక్కకు పడి ఉంది. బాపు అటే చూస్తూ, "మంచిగ పోతున్నదిరా" అన్నాడు.

నీటికాసులు. పోయిన చూపు ఇక రాదట. చుక్కల మందు వేసుకుంటూ మిగిలింది కాపాడుకోవడమే.

ఆ మర్నాడే నిశ్చయించుకున్నానని రాస్తే గొప్పగా ఉంటుంది గాని, అది అబద్ధం. నాలుగు నెలలు పట్టింది. చివరికి సామానంతా హైదరాబాదులో ఇదే పిచ్చి ఉన్న ఒకాయనకు అమ్మేశాను. అట్ట బాయి మాత్రం ఇవ్వలేదు.

తోటల్లో నడిపే పెద్ద రైలును 1968లో జర్మనీలో లేమాన్ సంస్థ ఎల్.జి.బి. పేరుతో తెచ్చింది. 22.5వ వంతు, పట్టాల నడుమ 45 మిల్లీమీటర్లు. పొడవు నాలుగింతలకు కొంచెం తక్కువే. కాని వెడల్పూ ఎత్తూ కూడా అట్లాగే పెరుగుతాయి కదా, బండి మొత్తం 58 ఇంతలవుతుంది! లఘువు గురువైతే పెరిగేది ఒక్క మాత్రేనని క్లాసులో చెప్పే నాకు, ధర చూడగానే నోట మాట రాలేదు. వాడినదే బేరమాడి కొన్నాను. బాగా బిగువైన వలయానికే నాలుగడుగుల వెడల్పు కావాలి. అందుకని పెరట్లోకి దిగాం. మా ఆవిడ గోంగూర మడి సగం పోయింది. ఆ సంగతి ఇక్కడ చర్చించను.

పట్టాలు ఇత్తడివి. కరెంటు వాటిగుండానే ఇంజనుకు అందాలి గనుక రోజూ పొద్దున్నే దుమ్ము తుడవాలి. మా ఎండలు మీకు తెలియనివి కావు. పది మీటర్ల ఇత్తడి పట్టా ముప్ఫై డిగ్రీల వేడి పెరిగితే సుమారు ఆరు మిల్లీమీటర్లు సాగుతుంది. అందుకని అతుకుల దగ్గర కొంచెం కొంచెం సందు వదిలాను.

మొదటి రోజు బాపు పీట వేసుకుని కూర్చున్నాడు. పట్టాల మీద బొటనవేలూ చూపుడువేలూ చాచి కొలిచాడు. తరువాత డబ్బా వెడల్పు తడిమాడు.

"గిది మన లైను గాదురా. మీటర్ గేజ్."

నిజమే. మా బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. ఈ కొలతలో అయితే 74 మిల్లీమీటర్ల పైన ఉండాలి. పుస్తకాలు చూసి నేను తెలుసుకున్న సంగతి ఆయన వేళ్ళు చెప్పేశాయి! "మన లైనుది దొరకదు బాపూ" అన్నాను. "పోనీ, సికింద్రాబాద్-మన్మాడ్ అనుకుందాం తియ్" అన్నాడు. అదీ ఒకప్పుడు మీటర్‌గేజే.

ఇప్పుడు రోజూ సాయంత్రం బండి నడవాల్సిందే. ఇంజను పోలికగా కనిపిస్తుందంటాడు. ఎంత కనిపిస్తుందో నేను అడగను.

మొన్న చల్లబడ్డాక నడుపుతున్నాను. ఉన్నట్టుండి బాపు చెయ్యెత్తాడు.

"ఆపు. జామచెట్టు కాడ అతుకు ఎడమైంది. సప్పుడు మారింది, సూడు."

నాకేమీ వినిపించలేదు. టార్చి తెచ్చి వంగి చూశాను. జామచెట్టు దగ్గర పట్టా తొడుగులోంచి జారి ఉంది. స్క్రూడ్రైవరు కోసం లోపలికి వెళ్ళి వచ్చేసరికి బాపు అప్పటికే అక్కడికి చేరి, అతుకు మీద వేలు పెట్టి కూర్చున్నాడు.