అడ్డమా? నిలువా?

మన సంఘం సంక్రాంతి సంబరాల్లో స్టేజీ మీద ఆడేవాళ్ళ కంటే కింద ఫోన్లు ఎత్తి వీడియో తీసేవాళ్ళే ఎక్కువని మా ఆవిడ వేళాకోళం. ఆ ఫోన్లలో కొన్ని అడ్డంగా, కొన్ని నిలువుగా ఉంటాయి. ఏది సరైనదన్న తగువు మా ఇంట్లోనూ ఉంది. కాలేజీలో చదివే మా అమ్మాయిది నిలువు పక్షం, నాది అడ్డం.

"ఫోను చేతిలో నిలువుగానే ఉంటుంది, చూసేవాళ్ళూ అలాగే చూస్తారు నాన్నా" అంటుంది. నిజమే. కానీ వెండితెర చూస్తూ పెరిగిన తరం మాది. 1974లో తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం 'అల్లూరి సీతారామరాజు' వచ్చినప్పుడు తెర పక్కలకి సాగింది గాని పైకి పెరగలేదు. ఇప్పటి టీవీ కొలత కూడా 16:9. నిలువుగా తీసిన వీడియో అందులో మూడోవంతు కూడా నిండదు. అడ్డంగా తీసింది నిలువు ఫోనులో చూసినా అదే గతి అనుకోండి. కాకపోతే ఫోనుని తిప్పుకోవచ్చు, టీవీని తిప్పలేం!

మా ఇంటి వీడియోలకి మొదటి ప్రేక్షకురాలు తెనాలిలో ఉన్న మా అమ్మ. మోకాళ్ళ నొప్పులతో ఇంత దూరం ప్రయాణం ఇక ఆవిడ వల్ల కాదు. మనవల, మునిమనవల ముచ్చటలన్నీ అరచేతిలోనే చూసుకోవాలి. కిందటేడు ఇక్కడ మా మేనకోడలి కొడుక్కి భోగిపళ్ళు పోస్తుంటే మా అమ్మాయి నిలువుగా తీసి పంపింది. నెత్తి మీంచి రేగిపళ్ళు, చిల్లర జారిపడుతుంటే వాడి మొహం ఎంతో ముద్దుగా వచ్చింది. అమ్మ నాలుగుసార్లు చూసి ఫోన్ చేసింది. "బాగుందిరా. ఆ పళ్ళు పోసిన చెయ్యి ఎవరిదీ? పేరంటానికి ఎవరెవరొచ్చారు?"

ఆ ప్రశ్నతో మా తగువు తీరింది. పరాయిదేశంలో మన చుట్టూ నలుగురూ ఉన్నారన్న భరోసా ఆవిడకి కావాలి. ఒక్కరు మాట్లాడుతున్నా, పసివాడి నవ్వు చూపాలన్నా నిలువు చాలు. బొమ్మల కొలువు, కోలాటం, బంతి భోజనాలు, ఇలా నలుగురు కూడినచోట అడ్డమే మేలు. రెండూ కావాలంటే 4కే లో అడ్డంగా తీయండి. నిలువు ముక్క తర్వాత కత్తిరించుకోవచ్చు. బొమ్మలో పడని మనుషుల్ని మాత్రం తర్వాత తెచ్చుకోలేం. ఇంకో మాట, రికార్డింగ్ మొదలయ్యాక ఫోను తిప్పకండి, బొమ్మ పక్కకి ఒరిగిపోతుంది.

ఈసారి సంబరాల్లో మీ పిల్లల్ని తీసేటప్పుడు పక్కవాళ్ళ పిల్లల్ని కూడా కాస్త కలుపుకోండి. అక్కడ మీ అమ్మగారు కూడా తప్పకుండా అడుగుతారు.