అరెకరానికి ముప్ఫై అయిదు గజాలు

"అద్దె వస్తుంది కదా, ఇంకేం కావాలి!" బెజవాడలో ఫ్లాటు కొనేవాళ్ళందరి నోటా ఇదే మాట. మా ఇంట్లోనూ అదే మాట వచ్చింది. మావారి ఉద్యోగం ఇబ్రహీంపట్నం థర్మల్‌లో. క్వార్టర్సులో ఉంటున్నాం. రిటైరయ్యాక తలదాచుకోవడానికి ఒక ఇల్లుండాలి, అప్పటిదాకా అద్దెకిద్దాం అని ఆయన ఆలోచన. భవానీపురంలో 52 లక్షల ఫ్లాటు చూసొచ్చారు. మా దగ్గరున్నది 25 లక్షలు. మిగతా డబ్బు కోసం ఆయన చూపు నా పసుపు కుంకుమ కింద వచ్చిన పొలం మీద పడింది. మైలవరం దగ్గర మా నాన్న ఇచ్చిన అరెకరం మామిడి తోట అది.

"పొలం ఎక్కడికి పోతుందమ్మా, ఇల్లుగా మారుతుంది, అంతేగా" అన్నారు అత్తయ్యగారు. ఆవిడ మంచికే అన్నారు. కాదంటే స్వార్థం, అవునంటే పుట్టింటి నేల పోతుంది. వారం రోజులు ఆగమని చెప్పి, పాల లెక్క రాసే పుస్తకంలోనే ఈ లెక్కా వేశాను.

మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్‌కి స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం. అంటే 52 లక్షల ఫ్లాటు మన చేతికొచ్చేసరికి 56 లక్షలవుతుంది. అద్దె నెలకి 14 వేలు. బెజవాడలో పిల్లల ఇంటర్ చదువుల కోసం వచ్చి అద్దెకుండే తల్లులు ఎక్కువ. పరీక్షలవగానే ఖాళీ చేస్తారు. అందుకే ఏడాదికి ఒక నెల అద్దె రాదనుకున్నాను. ఇంటి పన్ను, రంగులు, మోటారు రిపేర్లు తీసేస్తే మిగిలేది లక్షా నలభై వేలు. వంద రూపాయలు పెడితే ఏడాదికి రెండున్నర!

"ధర పెరుగుతుందిగా" అన్నారు మావారు. పెరుగుతుంది, ఆగుతుంది కూడా. 2014లో రాజధాని ఇక్కడేనన్నారు, ధరలు లేచాయి. 2016లో సచివాలయం ఉద్యోగులు హైదరాబాదు నుంచి రాగానే అద్దెలకి రెక్కలొచ్చాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానులన్నారు, కొనేవాళ్ళు వెనక్కి తగ్గారు. 2024లో ప్రభుత్వం మారింది, మళ్ళీ హడావుడి మొదలు. మన ఫ్లాటు ధర మన చేతిలో లేదు, అసెంబ్లీ చేతిలో ఉంది.

ఆయన్ని ఆలోచనలో పడేసింది మాత్రం ఇంకో లెక్క. ఫ్లాటు కాగితాల్లో మన వంతు స్థలం ఎంతో రాసి ఉంటుంది. గోడలు పాతబడతాయి, చివరికి మిగిలేది ఆ స్థలమే. ఆ ఫ్లాటుకి వచ్చేది 35 గజాలు. నా అరెకరం 2,420 గజాలు. ఊళ్ళో గజం, పట్నంలో గజం ఒకటి కాదని నాకూ తెలుసు. కానీ ఆ తోట నా పేరున ఉంది. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అది పూర్తిగా నాదే. దాన్ని అమ్మితే ఆ మాట అనడానికి నాకింకేమీ మిగలదు. ఇదే చెప్పాను. గొడవపడలేదు, పుస్తకం ఆయన ముందు పెట్టానంతే. రెండు రోజులు ముభావంగా ఉన్నారు. మూడో రోజు గొల్లపూడిలో చిన్నది చూద్దామన్నారు.

34 లక్షలకి పాత ఫ్లాటు దొరికింది. రెండో అంతస్తు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు సింగ్‌నగర్‌లో రోజుల తరబడి నిలిచిపోవడం చూశాక కింది వాటా వద్దనుకున్నాం. పాతికకి తోడు 12 లక్షలు అప్పు తీసుకున్నాం. వాయిదా పదకొండు వేల ఎనిమిది వందలు, అద్దె పది వేలు. తేడా చేతి నుంచి వేసుకుంటున్నాం. కొనేముందు ఈసీ, లింకు డాక్యుమెంట్లు లాయరుకి చూపించాం. రిజిస్ట్రేషన్ ఇద్దరి పేరునా చేయించాం. అద్దె ఒప్పందం అందరిలాగే మేమూ పదకొండు నెలలకి రాసుకున్నాం.

అద్దెకొచ్చినావిడ నూజివీడు నుంచి ఇద్దరు పిల్లల్ని చదివించుకోవడానికి వచ్చింది. "అక్కా, ఇంటర్ అయ్యేదాకా ఖాళీ చెయ్యమనకండి" అని ముందే మాట తీసుకుంది. సరేనన్నాను.

మీ ఇంట్లోనూ ఇలాంటి మాటొస్తే వెంటనే అవుననొద్దు, కాదనొద్దు. ముందు లెక్క రాయండి. ఈ వేసవిలో మామిడి కాపు అమ్మిన డబ్బు ఎప్పట్లాగే నా ఖాతాలోనే పడింది. అందులోంచి ఒక నెల వాయిదా నేనే కట్టాను.