నాన్న చుట్టకి ఏ బంక?

మా నాన్నకి చేతులు వణుకుతున్నాయండి. దారం కట్టడం కుదరక, ఈ ఏడాది నుంచి లంక పొగాకు చుట్టలు నేనే చుడుతున్నా. పై ఆకు కొస ఊడకుండా ఏదో ఒకటి అంటించాలి కదా!

మొదట వడ్రంగి వాడే తెల్ల బంక రాశాను. ఒక్క దమ్ము లాగి "ఏంట్రా ఇది, ప్లాస్టిక్కు కాల్చినట్టుంది" అని అవతల పారేశాడు. నిజమే, అది చెక్కకి అంటించేది, నోట్లో పెట్టుకునేది కాదు. తర్వాత మైదా ఉడకేశాం. బాగానే అంటింది గానీ, ముసురు పట్టేసరికి 4 రోజుల్లో బూజు. కట్ట మొత్తం పోయింది. గంజి సంగతి చెప్పక్కర్లేదు, ఆరాక విడిపోద్ది.

ఆఖరికి మన గట్టు మీది తుమ్మ బంకే దిక్కయింది. లేత రంగు ముక్కలు ఏరి, మట్టీ బెరడూ తీసి, రాత్రి నీళ్లలో నానేసి, పొద్దున గుడ్డలో వడకట్టాలి. తేనెంత చిక్కగా ఉంటే చాలు. ఆకు మెత్తగా ఉన్నప్పుడే కొసన వేలితో సన్నగా రాయాలి. ఎక్కువైతే అక్కడ సరిగ్గా కాలదు. కొంచెం కొంచెమే కలుపుకోండి, నిలవుంటే పులుస్తుంది.

బంక ఏదైనా పొగ పొగేలెండి. డాక్టరు మానమన్నాడు. రోజుకి 6 నుంచి 2కి దించాను. మూడోది అడిగితే, బంక ఇంకా ఆరలేదని చెప్తున్నా.