ఎక్కడికీ వెళ్ళని టైరు

మొదట అమ్మ కనిపెట్టింది. బాల్కనీలో తెల్ల టైల్స్ మీద, సైకిల్ వెనక చక్రం కింద, సన్నటి నల్లపొడి. తుడిస్తే గుడ్డకి అంటుకుని సాగుతోంది. "ఇదేట్రా, బొగ్గు దుమ్మా?" అంది. మేముండేది మధురవాడలో. పోర్టు ఊరికి ఆ చివర. అక్కడి బొగ్గు దుమ్ము మా ఆరో అంతస్తుని వెతుక్కుంటూ రాదు. వేళ్ళ మధ్య నలిపి చూశాను. రబ్బరు.

మామూలుగా ఇక్కడ పుస్తకాల గురించి రాస్తుంటాను. ఈసారి ఒక సైకిల్ టైరు గురించి. ఈ మధ్య చదివిన ఏ నవలా నన్నింత ఆలోచనలో పడెయ్యలేదు మరి.

ముందు జరిగింది చెప్పాలి. 2022 డిసెంబర్‌లో ఓ ఆదివారం పొద్దున్నే, కొమ్మాది దాటి హైవే మీద ఆనందపురం వైపు తొక్కుతూ, రాంగ్ రూట్‌లో వచ్చిన బండిని తప్పించబోయి పడ్డాను. కాలర్ బోన్ విరిగింది. మూడు నెలలకి అతుక్కుంది. సైకిల్‌కి ఒక గీత తప్ప ఏమీ కాలేదు. కానీ మళ్ళీ రోడ్డెక్కుదామని లిఫ్టులో కిందికి దింపిన ప్రతిసారీ, గేటు దగ్గర ఏదో ఒకటి గుర్తొచ్చేది. టైర్లో గాలి తక్కువుందనో, ఆఫీసు కాల్ ఉందనో. చివరికి సెకండ్ హ్యాండ్‌లో ఒక ట్రైనర్ కొన్నాను.

ట్రైనర్ అంటే సైకిల్ వెనక ఇరుసుని రెండువైపులా బిగించి పట్టుకునే ఇనప స్టాండు. వెనక చక్రం నేలకి తగలదు. ఒక చిన్న స్టీల్ రోలర్‌కి ఆనుకుని, దాన్ని తిప్పుతూ తిరుగుతుంది. రోలర్ పక్కనున్న అయస్కాంతాలు దాన్ని వెనక్కి లాగుతుంటాయి కాబట్టి మనకి బరువు తెలుస్తుంది. ఎదురుగా టీవీలో జ్విఫ్ట్ పెట్టుకుంటే, వటోపియా అనే లేని ద్వీపంలో అగ్నిపర్వతం చుట్టూ తొక్కుకోవచ్చు. ఏడాదిన్నరలో అలా 2,140 కిలోమీటర్లు తొక్కాను. లెక్క ప్రకారం వైజాగ్ నుంచి ఢిల్లీ దాటిపోవాలి. నేను బాల్కనీ దాటలేదు. టైరు మాత్రం నిజంగానే అరిగిపోయింది. మధ్యలో వేలు వెడల్పున చదునుగా, బల్లపరుపుగా. రెండు పక్కలా కొత్తదానిలాగే ఉంది.

అదే నాకర్థం కాలేదు. రోడ్డు మీద కంకర, గాజు పెంకులు, గుంతలు. ఇక్కడ నున్నటి రోలర్. అసలు గాలి టైరు పుట్టిందే గతుకుల కోసం. బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ అనే పశువైద్యుడు కొడుకు మూడు చక్రాల సైకిల్ కోసం చేసి, 1888లో పేటెంటు తీసుకున్నాడు. గతుకుల కోసం పుట్టిన వస్తువు గతుకుల్లేని చోట ఎందుకరుగుతుంది?

నాన్నని అడిగాను. 1992లో పీవీ నరసింహారావు స్టీల్ ప్లాంట్‌ని జాతికి అంకితం చేసేనాటికే నాన్న అక్కడ ఉద్యోగి. వైర్ రాడ్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. ఎర్రటి ఇనుముని రోళ్ళ మధ్య పెట్టి సాగదీసే చోటు అది. అరుగుదల విషయంలో మా ఇంట్లో ఆయనదే ఆఖరి మాట.

నాన్న పీట వేసుకుని కూర్చుని రోలర్ మీద వేలు పెట్టి చూశాడు.

"ఇది అంగుళం పైచిలుకు కూడా లేదేట్రా. రోడ్డు మీదైతే టైరు కొంచెం చదునై మళ్ళీ లేస్తాది. ఇక్కడ ఈ చిన్న రోలు లోపలికి దిగబడిపోతంది. ప్రతి చుట్టుకీ అంత లోతు వంగి లేవాలి. వేడెక్కిపోదా?"

మర్నాడు అరగంట తొక్కి టైరు ముట్టుకుంటే చురుక్కుమంది. రోడ్డు మీద ఎదురుగాలి టైరుని చల్లబరుస్తుంది. ఇక్కడ నిలబడిన గాలి. వేడెక్కిన రబ్బరు మెత్తబడుతుంది, తొందరగా రాలుతుంది.

"మా రోళ్ళ మీద నీళ్ళు ధారగా పడతానే ఉండాలి. ఆగితే పగుళ్ళొచ్చేస్తాయి. నువ్వేమో ఫ్యాను నీ మొహానికి పెట్టుకున్నావు," అన్నాడు నాన్న.

తర్వాత చక్రాన్ని చేత్తో పట్టుకుని గట్టిగా ఒక్క గుంజు గుంజాడు. టైరు కదిలింది, రోలర్ కదల్లేదు. "చూసేవా? అరగదీసేది తిరగడం కాదు, జారడం."

ఎక్కువ బిగిస్తే ఎక్కువ అరుగుతుందని భయపడి నేను రోలర్‌ని వదులుగా ఉంచాను. వదులుగా ఉన్నందుకే, గట్టిగా తొక్కినప్పుడల్లా టైరు రోలర్ మీద జారి ఆకురాయిలా తనని తానే అరగదీసుకుంది. గాలి కూడా నెలల తరబడి చూడలేదు. గాలి తగ్గేకొద్దీ రోలర్ ఇంకా లోతుకి దిగుతుంది. తొక్కే ముందు గాలి కొట్టడం, గుంజితే జారనంత వరకే బిగించడం, దిగాక నొక్కు పడకుండా రోలర్‌ని వెనక్కి తియ్యడం. ఈ మూడూ మొదలెట్టాక అమ్మ గుడ్డకి పని తగ్గింది.

అయినా ఆ మధ్య గీత అలాగే ఉంటుంది. రోడ్డు మీద మలుపుల్లో సైకిల్ వాలినప్పుడు టైరు పక్కలు కూడా నేలని తాకుతాయి. ట్రైనర్ మీద మలుపుల్లేవు. అన్ని కిలోమీటర్లూ ఒకే గీత మీద పడతాయి.

దీనికి ట్రైనర్ టైర్లని వేరే ఉన్నాయి. కాంటినెంటల్ వాళ్ళది హోమ్‌ట్రైనర్ అని ఒకటి. వేడికి తట్టుకునే గట్టి రబ్బరు. అసలు వెనక చక్రమే తీసేసి చెయిన్‌ని నేరుగా తగిలించే ట్రైనర్లు కూడా ఉన్నాయి గానీ, ధర నా దానికి నాలుగైదు రెట్లు. ట్రైనర్ టైరే ఆర్డర్ పెడుతుంటే నాన్న ఫోన్‌లోకి తొంగి చూశాడు.

"ఇది రోడ్డు మీదికి పనికొస్తాదా?"

"రాదు నాన్నా. రోడ్డు మీద పట్టుండదు. తడిస్తే మరీ ప్రమాదం."

"మరైతే ఏటి చేద్దామని?"

టైరు గురించి అడగట్లేదని తెలుస్తూనే ఉంది. ఆ టైరు ఎక్కిస్తే బయటికెళ్ళాలన్న ప్రతిసారీ మార్చాలి. గేటు దగ్గర చెప్పుకోడానికి ఇంకో సాకు. అది కూడా డబ్బిచ్చి కొనుక్కున్నది.

నాన్న ఒకప్పుడు గాజువాక నుంచి సైకిల్ మీదే డ్యూటీకి వెళ్ళేవాడు. ఓ రాత్రి షిఫ్టుకి వెళ్తూ లారీ లైటు కళ్ళలో పడి రోడ్డు పక్క కాలవలో పడ్డాడని అమ్మ చెప్పింది. ఇన్నేళ్ళలో ఆయన నోటెంట ఆ మాట వినలేదు. అప్పుడడిగాను, మర్నాడు వెళ్ళడానికి భయమెయ్యలేదా అని.

"ఎందుకెయ్యదు? భయం ఉంది. డ్యూటీ కూడా ఉంది."

అంతకుమించి ఏమీ చెప్పలేదు. ఫోన్‌లో ఆ ఆర్డర్ తీసేసి మామూలు రోడ్డు టైరు పెట్టాను. అది వచ్చిన రోజు ఇద్దరం కలిసి పాతది ఊడదీశాం. నాన్న టైరు అంచుని నొక్కి, లోపలున్న స్టీల్ తీగని తడిమి, "ఇది కూడా రాడ్డు సాగదీసి చేసిందే," అన్నాడు. పాతదాన్ని పారేయనివ్వలేదు. దారాలు బయటపడలేదు కాబట్టి, పాత చక్రం ఒకటి దొరికితే దానికెక్కించి వానాకాలం ట్రైనర్‌కి వాడుకోవచ్చు. రోడ్డుకి మాత్రం అది ఇక పనికిరాదు.

పోయిన ఆదివారం ఐదున్నరకి కిందికి దింపాను. గేటు దగ్గర గాలి గుర్తొచ్చింది. రాత్రే కొట్టి ఉంచాను. హైవే వైపు వెళ్ళే ధైర్యం ఇంకా లేదు. రుషికొండ మీదుగా బీచ్ రోడ్డెక్కి, వెనక బండి చప్పుడైన ప్రతిసారీ భుజం బిగబట్టుకుంటూ, తొట్లకొండ మలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చేశాను.

ఇంటికొచ్చాక నాన్న వెనక చక్రం తిప్పి చూశాడు. టైరు పక్క అంచున సన్నగా ఇసుక అంటుకుని ఉంది. పాత టైరుకి ఆ చోట ఏడాదిన్నరగా ఏదీ తగల్లేదు.